రేపటి కోడి రేటు

మా కాలనీలో నేను ఉద్యోగం మానేశానంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. ఆదివారం పొద్దున పాల ప్యాకెట్ కోసం గేటు తీస్తే చాలు, సంచీ పట్టుకుని వెళ్తున్నవాళ్లు ఎవరో ఒకరు ఆగి, "ఈరోజెంతండీ?" అంటారు. నేను రిటైరయ్యానండీ అంటే, "అది సరేగానీ, ఎంత?" అంటారు. సిగ్గు విడిచి చెప్పాలంటే ఆపాటికి నాకు తెలిసే ఉంటుంది. ఇన్నేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది!

మా నాన్న స్టీల్ ప్లాంటు కడుతున్నప్పుడు గోదావరి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి విశాఖలో స్థిరపడ్డాడు. నన్నూ ప్లాంటులోనే వేయిద్దామని చూశాడు. నేను మాత్రం పెందుర్తిలో ఒక హోల్‌సేల్ కోళ్ల వ్యాపారి దగ్గర చేరి, ఇరవై ఎనిమిదేళ్లు అక్కడే ఉండిపోయాను. పేరుకి మేనేజర్ని. అసలు పని ఒక్కటే. సాయంత్రం ఆరు లోపల రేపటి రేటు ఎంత ఉండాలో మా యజమానికి చెప్పాలి. ఆయన సరే అన్నాక దాన్ని దుకాణాలకీ రైతులకీ పంపాలి. మొదట్లో ల్యాండ్ ఫోనులో ఒక్కొక్కరికీ చెప్పేవాణ్ణి. తర్వాత మెసేజీలు వచ్చాయి, ఆ తర్వాత వాట్సాప్ గ్రూపు.

ఈ మధ్య ఇలాంటి పనిలోనే కొత్తగా చేరిన ఒకమ్మాయి ఫోన్ చేసి, "సార్, రేటు వేయడానికి మీ ఫార్ములా ఏంటి?" అని అడిగింది. ఫార్ములా ఉంటే నేను అన్నేళ్లు ఊరంతా తిరగడమెందుకమ్మా అన్నాను. ఆ అమ్మాయికీ, ఈ పనిలోకి రాబోయేవాళ్లకీ ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లూ ఇంక్రిమెంట్లూ ఎవరికీ అక్కర్లేదు. రేటు కోసం నేను ఎక్కడెక్కడ చూశానో, చూడాల్సిన చోట ఎక్కడ చూడలేదో చెబుతాను.

రేటు ఎవరు వేస్తారు?

కొనేవాళ్లని అడిగితే, ఎక్కడో నలుగురు కూర్చుని మన నెత్తిన రుద్దుతున్నారంటారు. వ్యాపారులని అడిగితే, మాదేముంది, సరుకుని బట్టి గిరాకీని బట్టి అదే వస్తుందంటారు. రెండూ సగం సగం నిజాలే.

సాయంత్రం నాలుగు నుంచి ఫోన్లు మొదలవుతాయి. గోదావరి వైపు ఒకరు, విజయనగరం వైపు ఒకరు, ఒడిశా వ్యాపారి ఒకరు. ఒడిశా లారీలు మన వైపు కోళ్ల కోసం దిగాయంటే మనకి రేటు పెరుగుతుంది. వాళ్లు రాకపోతే మన కోళ్లన్నీ మనమే తినాలి. తమాషా ఏమిటంటే ఈ ఫోన్లలో ఎవరూ నిజం చెప్పరు. కోళ్లున్నవాడు లేవంటాడు. కావలసినవాడు అక్కర్లేదంటాడు. కొన్నేళ్లు వింటే ఎవరు ఎంత అబద్ధమాడతారో తెలిసిపోతుంది. అప్పుడు ఆ అబద్ధాల్లోంచే నిజం లాగచ్చు.

అలా లాగిన దాన్ని బట్టి ఒక అంకె అనుకుంటాం. ఎక్కువ వేస్తే మర్నాడు వ్యాన్లు సగం కోళ్లతో తిరిగొస్తాయి. తక్కువ వేస్తే పదింటికల్లా కోళ్లయిపోయి దుకాణాలవాళ్లు తిడతారు. కాబట్టి రేటంటే ముందురోజు సాయంత్రం మనం వేసే ఊహ. అది తప్పో ఒప్పో పొద్దున్నే ఊరు చెబుతుంది. ఈ ఆట నాకు భలే నచ్చింది. జీతం తక్కువైనా ఎక్కడికీ పోకపోవడానికి కారణం అదే.

మా యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. ఇక్కడివాడే. చదువు తక్కువ, కోపం ఎక్కువ. వ్యాపారంలో ఆయనంత చూపున్న మనిషిని నేను చూడలేదు. ఎదుటివాడి మాట అంత తక్కువ వినే మనిషినీ చూడలేదు. ఆయన దగ్గర చూపు నేర్చుకున్నాను. చెప్పొచ్చేదేమిటంటే, రెండోదీ నాకు తెలియకుండానే అబ్బింది.

మొక్కజొన్న నూక

చేరిన కొత్తలో ప్రతి దుకాణానికీ వెళ్లి, నిన్న ఎన్ని అమ్మారని అడిగేవాణ్ణి. కూర్మన్నపాలెంలో దేముడు అని నా వయసువాడే ఒకతను దుకాణం నడిపేవాడు. ఎప్పుడడిగినా ఒకటే జవాబు.

"అన్నీ అయిపోనాయి బావా. ఇంకో యాబై ఉన్నా అమ్మీసుందును."

ఒకసారి నెల మొదటి వారం, ప్లాంటులో జీతాలు పడ్డాక వచ్చిన ఆదివారం తర్వాత, దేముడూ ఇంకో పదిమందీ అదే మాట చెప్పారు. నేను ఉత్సాహంగా రేటు పెంచమన్నాను. మర్నాడు వ్యాన్లు నిండుగా వెళ్లి నిండుగా తిరిగొచ్చాయి. దుకాణాల్లో నిన్నటి కోళ్లే ఉన్నాయి. పెద్దాయన నన్ను అందరి ముందూ నిలబెట్టి, "నువ్వు నోటితో అడిగినావు. కంటితో సూడాల," అన్నాడు. "అమ్మినవి ఎవడైనా సెప్తాడు. మిగిలినవి సూసి రా."

మిగిలినవి ఎలా చూడాలి? దుకాణదారు వాటిని వెనక బోనులో పెట్టి గోనె కప్పుతాడు. త్వరగా అమ్మేసే దుకాణానికే మేం మంచి సైజు కోళ్లు ముందు వేస్తాం. అందుకని మిగిలాయని ఎవరూ ఒప్పుకోరు. రెండు వారాలు తిరిగాక నాకొకటి తట్టింది. ఏ రోజు కోడిని ఆ రోజు కోసేసే దుకాణంలో మేతతో పని లేదు. కోడి మర్నాటికి మిగిలితేనే, బరువు తగ్గకుండా నాలుగు గింజలు వేస్తారు. అప్పట్నుంచి దుకాణానికి వెళ్తే బోను వైపు చూసేవాణ్ణి కాదు, నేల వైపు చూసేవాణ్ణి. ఒక సోమవారం దేముడి దుకాణంలో గుమ్మం దాకా మొక్కజొన్న నూక పడుంది.

"అన్నీ అయిపోతే మరి ఈ నూక ఎవరికి దేముడూ?"

దేముడు తడుముకోలేదు. "పావురాలొత్తాయి బావా. పాపం, నోరులేని జీవాలు."

ఆ రోజు రేటు తగ్గించమన్నాను, సరిగ్గా సరిపోయింది. దేముడి మీద నాకు కోపం రాలేదు. ఆ పావురాల సంగతి ఇప్పటికీ అడిగి ఏడిపిస్తుంటాను.

పోలమ్మ బుట్ట

కొన్ని రోజులు మాత్రం ఏ లెక్కకీ అందేవి కావు. పండగ లేదు, కార్తీకం కాదు, జీతాల వారం, అయినా బీచ్ వైపు పేటల్లో కోడి కదలదు. పెందుర్తిలో మామూలుగా అమ్ముడవుతుంది. ఒకే ఊరు, ఒకే రేటు, ఎందుకిలా? ఈ చిక్కు తేల్చుకోడానికి ఒకసారి తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. ఐసు పలకలు యంత్రంలో పడి నలుగుతున్న చప్పుడు, వేలం పాటల అరుపులు. ఎవరు ఏం కొంటున్నారో తెలియక ఒక పక్కన నిలబడ్డాను. అక్కడ వేలంలో చేపలు కొని పేటల్లో తిరిగి అమ్ముకునే పోలమ్మ నన్ను పట్టేసింది.

"ఎవురి తాలూకా బాబూ? వేలానికొచ్చినావా?"

"కాదండి. కోళ్ల వ్యాపారమండి మాది."

"కోళ్లోడివి నీకు సేపల్తో పనేటి?"

"మీ బుట్ట నిండితే మా కోడిని ఎవరూ అడగడం లేదండి. అందుకని మీ బుట్ట చూడ్డానికొచ్చాను."

"దిష్టి పెట్టీడానికొచ్చినావన్నమాట," అని పక్కనున్న ఆడవాళ్లకి చెప్పి నవ్వించింది.

అయినా మనసున్న మనిషి. తర్వాత్తర్వాత నన్ను చూస్తే బుట్ట మీద గుడ్డ తీసి చూపించేది. వంజరం, చందువ లాంటి ఖరీదైన చేపలు బాగా పడితే కోడి రేటు తగ్గుతుందని నేను అనుకునేవాణ్ణి. పోలమ్మ తీసిపారేసింది.

"వంజరం తినీవోడు కోడీ తింతాడు, మటనూ తింతాడు. ఆడికి లెక్కేటి? కవళ్లు తినీవోడే లెక్కేసుకుంతాడు. కవళ్లు గుట్టలు పడ్డ రోజు నీ కోడిని ఎవుడు సూత్తాడు?"

కవళ్లంటే చవకగా దొరికే చిన్న చేపలు. ఆవిడ చెప్పిన తర్వాత రోజూ అదే చూశాను. అవి ఎక్కువ పడిన రోజు బీచ్ వైపు పేటల్లో కోడి ఆగిపోయేది. పెందుర్తిలో సగం మందికి ఆ చేప పేరే తెలీదు, అందుకే అక్కడ తేడా ఉండేది కాదు. నేను చదివిన బీకాంలో ఇంత మంచి పాఠం లేదు. ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇది. మన సరుకు గురించి మనకంటే పక్క సరుకు అమ్ముకునేవాళ్లకి ఎక్కువ తెలుసు. వెళ్లి అడగండి. కాస్త వెక్కిరిస్తారు, పడండి.

రెండు కిలోల కోడి

ఇక షెడ్డు సంగతి. ఇది తెలియకపోతే తర్వాత చెప్పబోయేది అర్థం కాదు.

దుకాణానికి కావలసింది రెండు కిలోల కోడి. బోనులోంచి కోడిని ఎంచుకునే మనిషి మనసులో ఒక ఖర్చు అనుకుని వస్తాడు. కోడి మరీ పెద్దదైతే వద్దని పక్క దుకాణానికి పోతాడు. షెడ్డులో ఉన్న కోడేమో మన రేటు కోసం ఆగదు. రోజూ తింటుంది, రోజూ పెరుగుతుంది.

సొంత డబ్బు పెట్టి కోళ్లు పెంచే రైతు రేటు తక్కువగా ఉందంటే, నాలుగు రోజులు ఆగుదామనుకుంటాడు. పక్కూరి రైతూ అలాగే అనుకుంటాడు. నాలుగు రోజుల తర్వాత అందరి కోళ్లూ ఒకేసారి, అన్నీ లావైపోయి వస్తాయి. రేటు ఇంకా పడుతుంది. ఒక్కోసారి మాత్రం ఆగినవాడే గెలుస్తాడు. ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు కోళ్లు ఎత్తించి అమ్మేయాలి అన్నదే రైతుకి ప్రాణం మీదికొచ్చే ప్రశ్న. ఆ ప్రశ్న నాకు రోజూ సాయంత్రం అయిదింటికి వచ్చేది.

అడిగే ఆయన పేరు అప్పలనాయుడు. సబ్బవరం దగ్గర రెండు వేల కోళ్ల షెడ్డు. భార్య పైడితల్లి. షెడ్డులో మేత, నీళ్లు, ఎండాకాలం చల్లదనానికి గోనెలు తడిపి కట్టడం అన్నీ ఆవిడే చూసుకునేది. రేట్లూ అమ్మకాలూ ఆయన చూసేవాడు. పదకొండేళ్లుగా సరిగ్గా అయిదింటికి ఫోన్ మోగేది. "ఈయేల ఎంత బాబూ?" అని మొదటి ప్రశ్న. "మరి రేపు?" అని రెండోది. మొదటిదానికి జవాబు గ్రూపులోనే ఉంటుంది. ఆయన ఫోన్ చేసేది రెండోదాని కోసం. దాచుకోవడమెందుకు, ఆ రెండో ప్రశ్న అంటే నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఊరు మొత్తంలో రేపటి సంగతి తెలిసినవాణ్ణి నేనేనని ఆ మనిషి నమ్మేవాడు. క్రమంగా నేనూ నమ్మాను.

ఆగమన్న రోజు

అయిదారేళ్ల కిందట, ఏప్రిల్ నెల. వేట నిషేధం మొదలై బోట్లన్నీ కట్టేశారు. నేను హార్బర్‌కి వెళ్లి చూసొచ్చాను, పోలమ్మ ఎండు చేపలు అమ్ముకుంటోంది. దుకాణాల్లో ఎక్కడా నూక కనబడలేదు. పెళ్లి ముహూర్తాలు దగ్గర పడ్డాయి. ఒడిశా వ్యాపారి తనంతట తానే రెండుసార్లు ఫోన్ చేశాడు. అన్నీ ఒకటే మాట చెబుతున్నాయి. రేటు పెరుగుతుంది.

ఆ సాయంత్రం నాయుడుగారు, "కోడి రెండు కిలోల రెండొందలు తూగింది బాబూ. ఎత్తీమంతారా, ఆగమంతారా?" అన్నారు.

నేను జవాబు చెప్పేలోపు వెనక నుంచి పైడితల్లి గొంతు వినబడింది. "మేత ముట్టుకోటం లేదు. నీలు తెగ తాగేత్తన్నాయి. ఎత్తీమని సెప్పు."

"నువ్వుండే," అని ఆమెతో అని, "సెప్పండి బాబూ," అన్నారు నాతో.

"ఆగండి నాయుడుగారూ," అన్నాను. "నాలుగైదు రోజులు ఆగండి. పెరుగుద్దండి. నా మాట నమ్మండి."

ఇందులో మా వ్యాపారానికి లాభమేమీ లేదు. ఆ రోజే ఎత్తించి ఉంటే మాకే మంచిది. ఆయనకి నాలుగు డబ్బులు మిగలాలనే చెప్పాను. నాకు తెలిసింది చూపించుకోవాలనీ చెప్పాను. ఏది ఎంతో ఇప్పుడు విడదీయలేను.

పైడితల్లి మాట నాకు స్పష్టంగా వినబడింది. మేత మానేసి నీళ్లు తాగుతున్నాయంటే కోడికి ఎండ తగిలిందని, లావుపాటి కోడి ఎండకి ముందు పోతుందని ఈ పనిలో ఉన్న ఎవరికైనా తెలుసు. నాకూ తెలుసు. కానీ బోట్లూ, ఐసూ, దేముడి గుమ్మంలో నూకా చూసి రావడానికి తెల్లవారుజామున లేచేవాణ్ణి, ఆ ఒక్క మాట మీద ఒక్క ప్రశ్న వేయలేదు. అది షెడ్డులో ఇల్లాలి గోల అనుకున్నాను, రేటుకి సంబంధించినది కాదనుకున్నాను. అదే మాట నాయుడుగారు అని ఉంటే రెండు ప్రశ్నలు వేసేవాణ్ణేమో. రాయడానికి నామోషీగా ఉంది గాని అదే నిజం.

ఇప్పుడైతే కొత్తవాళ్లకి మొదట చెప్పేది ఇదే. షెడ్డు నుంచి ఫోనొస్తే, కోడి ఎంత తూగిందని అడగడానికి ముందు నీళ్లు ఎంత తాగుతోందో అడగండి. ఫోన్ చేసిన మనిషిని కాదు, షెడ్డులో తిరిగే మనిషిని అడగండి.

మూడు రోజులు ఎండ మండిపోయింది. నాలుగో రోజు సాయంత్రం ఫోన్లలో అందరూ కోళ్లు లేవన్నారు. ఈసారి ఎవరూ అబద్ధమాడటం లేదు. సబ్బవరం, చోడవరం వైపు షెడ్లలో మధ్యాహ్నం పూట కోళ్లు రాలిపోయాయి. ఆ వేసవి మొత్తంలో ఒక్క రోజులో అంత రేటు పెరిగింది అదొక్కసారే. పెద్దాయన నా భుజం తట్టి, "నువ్వన్నట్టే అయింది కదయ్యా," అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లలో ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. నేను సంతోషించాను కూడా.

అయిదయింది. నాయుడుగారి ఫోను రాలేదు. అయిదున్నరకి నేనే చేశాను, ఎవరూ ఎత్తలేదు. ఆరింటికి కొత్త రేటు గ్రూపులో పెట్టాను.

సబ్బవరం

మర్నాడు పొద్దున ఖాళీ ట్రేలతో వ్యాను తీసుకుని నేనే వెళ్లాను. షెడ్డు చుట్టూ గోనెలు తడిపి కట్టి ఉన్నాయి. పక్కన గొయ్యి. నాయుడుగారు చచ్చిన కోళ్లు వేస్తుంటే పైడితల్లి సున్నం చల్లుతోంది. పైనున్న ట్యాంకులో నీళ్లు కాగిపోతే ముందురోజు మధ్యాహ్నమంతా ఆవిడ బావి నుంచి బిందెలతో మోసిందట. రెండు వేలలో అయిదువందలు మిగిలాయి. వాటిలోనూ చాలావరకు రెక్కలు విప్పి నోళ్లు తెరిచి ఉన్నాయి.

నేను వ్యాను దిగి గొయ్యి దాకా నడిచాను. నాయుడుగారే అన్నారు.

"మీరు సెప్పింది తప్పు కాదు బాబూ. పెరుగుతాదన్నారు, పెరిగింది."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. "ఉన్నవైనా ఇప్పుడే ఎత్తేద్దామండి. వ్యాను తెచ్చాను," అన్నాను.

ఆయన చేతులు దులుపుకుని షెడ్డు వైపు చూశారు. లోపల ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతున్నట్టుంది. తర్వాత నా వైపు తిరిగి, ఎప్పటిలాగే అడిగారు. "రేపింకా పెరుగుతాదేటి బాబూ?"

పెరుగుతుందని నాకు తెలుసు. ఎంత పెరుగుతుందో కూడా చెప్పగలను. నోటి దాకా వచ్చింది. ఆపుకుని, గొయ్యి దగ్గరున్న పైడితల్లి వైపు తిరిగాను. "మీరేమంటారమ్మా?"

ఆవిడ తలెత్తలేదు. "నానేటంతాను బాబూ. ఆయేలా అన్నాను కదా. ఫోనులో మీకు ఇనబళ్లేదేమో."

"వినబడిందమ్మా," అన్నాను.

నాయుడుగారు నన్ను చూశారు. పైడితల్లి సున్నం డబ్బా కింద పెట్టి, చేతులు కడుక్కుని, వ్యాను దగ్గరికి వెళ్లి ట్రేలు దింపడం మొదలుపెట్టింది. "ఎండెక్కీలోపు బేగి ఎత్తీయండి," అంది. ముగ్గురం కలిసి అయిదువందల కోళ్లూ ఎక్కించాం.

ఆ తర్వాత కూడా, నేను మానేసే దాకా, నాయుడుగారు రోజూ అయిదింటికి ఫోన్ చేశారు. ఆ రోజు రేటు అడిగి పెట్టేసేవారు. రేపటి సంగతి నన్ను మళ్లీ అడగలేదు.